నలభై మూడు కొత్త అట్టలు

జూన్ 19

ఒరేయ్ చెవిటి మాలోకం,

నీ పార్సెల్ నిన్న చేరింది. ఫోను చేసి చెబుదామంటే నీ "ఆఁ? ఎవరూ?"లతోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకే ఉత్తరం. బైండింగ్ షాపులో కటింగ్ మిషను పక్కన ఇరవై ఏళ్లు నిలబడి చెవులు పోగొట్టుకున్నావు గానీ చేతుల్లో పనితనం మాత్రం చెక్కుచెదరలేదురా. ముప్పై ఒక్క పుస్తకాలూ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసుకున్నాను. తిమింగలానికి జలుబు చేసిన కథ ఉంది చూడు, నాలుగేళ్లుగా దానికి అట్టే లేదు, దారం కట్టి ఇచ్చేదాన్ని. ఇప్పుడది పెళ్లికొడుకులా కూర్చుంది.

మాసిన కాగితం ఒక్కటి కూడా కనిపించకూడదన్నాను, అలాగే చేశావు. చివరి పేజీల్లో వేలిముద్రలూ, పాత తేదీల చీటీలూ అన్నీ పోయాయి. నేను కొత్త చీటీలు అంటించాను. మా బడి లైబ్రరీ పద్ధతి నీకు తెలుసుగా, పుస్తకం ఇచ్చిన ప్రతిసారీ ఆ చీటీ మీదే తేదీ ముద్ర వేస్తాను. పుస్తకం కార్డు ఆ పిల్లో పిల్లాడో పేరు రాసి నా దగ్గరున్న చిన్న కాగితపు సంచిలో పెడతాను, పుస్తకం తిరిగొచ్చాక తీసేస్తాను. రిజిస్టరూ లేదు, గిజిస్టరూ లేదు. ఏడేళ్ల పిల్లలని సంతకం పెట్టమంటే బెల్లు కొట్టేదాకా అదే పని.

ఒక్క సంగతి చెబితే నవ్వకు. ఈ కొత్త అట్టల పుస్తకాలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. గుమ్మం పక్కనున్న అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. వానలు, బురద చేతులు... కాస్త తెరిపిచ్చాక ఇస్తానన్నాను. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. పుస్తకం ఉండాల్సింది చేతిలో గానీ బీరువాలో కాదని ముప్పై ఏళ్లుగా అందరి మీదా కేకలేసిన నేనే తాళం వేశాను. ఏం చెయ్యను, వచ్చినవాళ్లందరూ ఆగి చూస్తుంటే గొప్పగా ఉంది.

రెండో తరగతిలో ఒక పిల్ల ఉంది, అందరూ చీమ అంటారు. తోడేలు పుస్తకం పన్నెండోసారి అడిగింది. ఎందుకే, కంఠతా వచ్చేసింది కదా అంటే, "ఈసారైనా మేకపిల్ల తప్పించుకుంటుందేమో చూద్దామని" అంది. అది కూడా బీరువాలోనే ఉంది, ఆగమన్నాను.

మిగిలిన పన్నెండు పుస్తకాలూ ఎప్పుడు పంపుతావు? మరదలిని అడిగానని చెప్పు.

నీ అక్క

*

జూలై 1

అక్కా,

ఉత్తరం అందింది. పైన రాసిన బిరుదు నీ మరదలు నా చెవిలో అరిచి మరీ వినిపించి, పగలబడి నవ్వింది. మీ ఇద్దరికీ ఎప్పుడూ కుదరదు, నన్ను ఏడిపించే దగ్గర మాత్రం బాగా కుదురుతుంది.

మెచ్చుకున్నావు, సంతోషం. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవన్నీ ఆఫీసు ఫైళ్లూ కాలేజీ రిపోర్టులూ. బంగారు రంగు అక్షరాలు వేసి ఇస్తాను, ఆ తర్వాత వాటిని తెరిచే నాథుడు ఉండడు. నా చేతి మీదుగా వెళ్లి జనం చదివేవి నీ పిల్లల పుస్తకాలే. అందుకే వాటిని పనివాళ్ల చేతికి ఇవ్వలేదు, ప్రతి కుట్టూ నేనే వేశాను. ఏనుగు బొమ్మ ఉన్న పేజీలో బిస్కెట్ ముక్క దొరికింది. ఏనుగుకే పెట్టారు కాబోలు, సరిగ్గా నోటి దగ్గరే ఉంది.

పన్నెండూ బరువు కింద ఉన్నాయి. జిగురు ఆరాలి. తొందర పెట్టకు.

తమ్ముడు

*

జూలై 14

తమ్ముడూ,

తొందర పెట్టక తప్పదు. పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి నా బల్ల మీద పడేసి, "చదువుకోండి, మీకు చదవడం ఇష్టం కదా" అని వెళ్లిపోయింది.

సంగతేమిటంటే, బడుల్లో లైబ్రరీ గదులు దండగగా పడి ఉన్నాయట. ఆగస్టు ఎనిమిదిన ఒక ఆఫీసరు వచ్చి లెక్క చూస్తాడు. రెండేళ్లుగా ఒక్క తేదీ ముద్ర కూడా పడని పుస్తకాలు ఒక జాబితా. చిరిగినవి, ఊడినవి రెండో జాబితా. రెండూ తీసేశాక వెయ్యి పుస్తకాలు మిగిలితే లైబ్రరీ ఉంటుంది. వెయ్యికి ఒక్కటి తగ్గినా గది కంప్యూటర్లకి, నా ఉద్యోగం గంగకి. నాలుగేళ్లలో రిటైరవుతాను కదా, నా సంగతి పోనియ్. ఈ బడిలో చాలామంది పిల్లల ఇళ్లలో పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ఉండదు. ఈ గది పోతే వాళ్లకి కథ అనేది పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే.

కానీ భయం లేదులే. నీ దగ్గరున్నవి కలుపుకుని వెయ్యీ నలభై ఉన్నాయి. ఎవరూ ముట్టనివి ఏవో నాకు బాగా తెలుసు, పుస్తకాలు తీసి చూడక్కర్లేదు. ఎరువుల మీద ఒకటి, ఎవరో పెద్దమనిషి తన గురించి తనే రాసుకుని బడికి దానం చేసినవి ఆరు, అన్నీ కలిపి ఇరవై ఐదు. చిరిగినవన్నీ నీ పుణ్యమా అని బాగుపడ్డాయి. అంటే వెయ్యీ పదిహేను మిగులుతాయి. గట్టెక్కినట్టే. కాకపోతే నీ దగ్గరున్న పన్నెండూ లెక్కకి ఇక్కడ ఉండాలి.

చీమ రోజూ బీరువా దగ్గరికి వచ్చి, "వానలు తగ్గాయా టీచర్?" అని అడుగుతోంది. బయట ఎండ కాస్తుంటే కూడా లేదనే చెబుతున్నాను. ఆఫీసరు వచ్చి వెళ్లేదాకా అవి అలా మెరుస్తూ ఉండాలి.

అక్క

*

జూలై 23

అక్కా,

ఈ ఉత్తరంతో పాటే పన్నెండూ పంపుతున్నాను. ఆఫీసరు చూస్తాడన్నావని ఇంకాస్త శ్రద్ధ పెట్టాను. మొదటి కాగితం, చివరి కాగితం పూర్తిగా మార్చేశాను. అంచులు కూడా సన్నగా కోశాను. వాటి మీద ఎవరి చెయ్యీ పడలేదంటే ఎవరైనా నమ్ముతారు. ఆయన అడిగితే మా తమ్ముడు చేశాడని చెప్పు.

నీ మరదలికి మోకాలి నొప్పి. మిగతా అంతా మామూలే.

తమ్ముడు

*

ఆగస్టు 9

పార్సెల్ అందింది. ఆఫీసరు వచ్చి వెళ్లాడు. నేను మళ్లీ రాసేదాకా నాకు ఏమీ పంపకు. నీ చేతిపని గురించి ఇప్పుడు నాతో మాట్లాడకు.

అక్క

*

ఆగస్టు 16

అక్కా,

మూడు ముక్కల్లో ఉత్తరం రాశావు, పైన పలకరింపు కూడా లేదు. అమ్మ పోయినప్పుడు కూడా రెండు పేజీలు రాసిన దానివి.

ఏం తప్పు చేశానో చెబితే దిద్దుకుంటాను. పిల్లి పుస్తకం అట్ట మీద అక్షరాలు కాస్త వాలాయి. నీ మరదలు అప్పుడే అంది, అక్కకి కనిపెట్టే కళ్లున్నాయి, మళ్లీ చెయ్యమని. నేనే వినలేదు. దానికే ఆఫీసరు ముందు నీకు తలవంపులైందా? లేక అంచులు కోసినప్పుడు ఎక్కడైనా అక్షరాలు పోయాయా? పనిలో వంక ఉంటే తిట్టు, పడతాను. కానీ నలభై మూడు పుస్తకాలు నా పనులు మానుకుని చేసినవాడికి "మాట్లాడకు" అని రాస్తావా? నీ పాత ఉత్తరం తీసి చూశాను. "పాత మురికి ఏదీ మిగలకూడదు, కొత్త పుస్తకంలా రావాలి" అని నువ్వే రాశావు, కింద గీత కూడా గీశావు. నేను నువ్వు చెప్పిందే చేశాను.

తమ్ముడు

*

ఆగస్టు 24

తమ్ముడూ,

పిల్లి అక్షరాలు వాలితే నేను నిన్ను అలా అంటానా? నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. జరిగింది చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

ఆఫీసరు మంచివాడే. సన్నగా ఉంటాడు, జలుబు చేసి తుమ్ముతూనే ఉన్నాడు. నేను చూపించిన ఇరవై ఐదూ పక్కన పెట్టి, "ఇంత నిజాయితీగా ఎవరూ చూపించరు మేడమ్" అన్నాడు. తర్వాత అద్దాల బీరువా దగ్గర ఆగి, "ఇవి బ్రహ్మాండంగా ఉన్నాయే" అన్నాడు. నేను మురిసిపోతూ తాళం తీశాను. ఆయన ఒకటి తీసి చివరి పేజీ తిప్పాడు. నా కొత్త చీటీ, తెల్లగా ఉంది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. మొత్తం నలభై మూడూ అంతే.

"వీటిని ఎవరూ తీసుకోలేదన్నమాట" అన్నాడు.

అప్పుడు తెలిసిందిరా నాకు. ఎక్కువ చదివితేనే కదా పుస్తకం చిరిగేది! చిరిగినవే కదా నేను నీకు పంపింది! ఈ గదిలో పిల్లలు ఎగబడి చదివిన నలభై మూడు పుస్తకాలు ఏవో అవే ఎవరూ ముట్టనివిగా తేలాయి. నువ్వు పాత చీటీలు పీకావు. పుస్తకాలు తిరిగొచ్చాక ఒక్కసారైనా పిల్లలకి ఇచ్చి ఉంటే ఒక్క ముద్రైనా పడేది. నేను తాళం వేసుకుని కూర్చున్నాను. పోనీ ముందురోజు నాకు తట్టి ఉంటే దొంగ ముద్రలు వేసేదాన్నా అంటావేమో. వేసేదాన్ని, సిగ్గు లేకుండా వేసేదాన్ని. తట్టలేదు. ఏవి చదివారో నాకు తెలుసు కదా, తెలిసినదానికి చీటీ చూడటమెందుకు అనుకున్నాను.

వెయ్యీ పదిహేనులో నలభై మూడు పోతే తొమ్మిది వందల డెబ్బై రెండు.

చీమ గుమ్మంలోంచి చెయ్యెత్తి, "నేను తోడేలుది పదకొండుసార్లు తీసుకున్నా సార్" అంది. ఆయన నవ్వి, "మరి ముద్ర ఏదమ్మా?" అన్నాడు. ఆ పిల్ల నావైపు చూసింది.

నలభై మూడూ బీరువాలో పెట్టి సీలు వేశాడు. సెప్టెంబరు పదిన మళ్లీ వస్తాడు, సాక్ష్యం ఉంటే అప్పుడు చూపించాలట. గట్టిగా ఆలోచించి రాయి. ఆ పాత చీటీలు ఏం చేశావు? చెత్తలో వేశావా? ఏ మూలనైనా, ఏ సంచిలోనైనా ఉన్నాయా?

అక్క

*

ఆగస్టు 30

అక్కా,

నీ ఉత్తరం చూసి అన్నం సహించలేదు. కానీ విను, ఆ చీటీలు పోలేదు.

నాకు పని నేర్పిన ముసలాయన ఒక్క కాగితం ముక్క కూడా పారేయనిచ్చేవాడు కాదు. పుస్తకానికి కుట్టు వేశాక వెన్ను గట్టిగా నిలబడాలంటే గుడ్డ కింద మూడు నాలుగు వరసలు కాగితం అంటించాలి. దానికి వేరే కాగితం ఎందుకని, ఏ పుస్తకం చీటీలు ఆ పుస్తకం వెన్నుకే వేశాను. ఒకదానివి ఇంకోదాంట్లో కలవలేదు, ఒక్కో పుస్తకమే పట్టుకుని చేశాను. తేదీలన్నీ అందులోనే ఉన్నాయి.

తియ్యాలంటే, వెన్ను మీద తడిగుడ్డ ఐదు నిమిషాలు పెట్టు. అట్ట మడత పడే గాడి వెంట సన్న బ్లేడుతో పైనుంచి కిందికి ఒక్క కోత. వెన్నుకి అంటించిన గుడ్డ నెమ్మదిగా లాగితే కాగితాలు దానితో పాటే లేస్తాయి. దారం తెగకుండా చూసుకో. తర్వాత నాకు పంపితే పది రోజుల్లో అన్నీ మళ్లీ కట్టి ఇస్తాను, ఈసారి చీటీలు వాటి చోటే అంటిస్తాను.

నీ మరదలు, "ఇదంతా మన మంచికే, అక్కయ్య గెలుస్తుంది" అంటోంది. నాకూ అలాగే అనిపిస్తోంది.

తమ్ముడు

*

సెప్టెంబరు 11

తమ్ముడూ,

నిన్న ఆఫీసరు వచ్చాడు. సీలు ఆయనే తీశాడు. నేను నువ్వు చెప్పినట్టే అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను, గిన్నెలో నీళ్లు, గుడ్డ, కొత్త బ్లేడు. మొదట తిమింగలం పుస్తకం తీసుకున్నాను. ఐదు నిమిషాలు గడియారం చూసి మరీ ఆగాను. వెన్ను గుడ్డ లాగితే నాలుగు చీటీలు ఒకదాని మీద ఒకటి లేచాయి. ఊదారంగు ముద్రలు కాస్త అలికినట్టున్నాయి గానీ చదవడానికి వస్తున్నాయి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. నూట పన్నెండు.

"ఇంతమంది చదివారా!" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకు గుండెల మీది బండ దింపినట్టయింది. ఆయన మొదటి జాబితా తీసి ఆ పుస్తకం కొట్టేశాడు. తర్వాత రెండో జాబితా తీసి దాంట్లో రాశాడు.

"అదేంటండీ?" అన్నాను.

"చిరిగింది కదా మేడమ్. నా కళ్ల ముందే కోశారు. చూసి కూడా రాయకపోతే తప్పు నాదవుతుంది."

మళ్లీ కట్టిస్తానన్నాను, మా తమ్ముడు పది రోజుల్లో చేస్తాడన్నాను. సీలు వేసిన పుస్తకం గది దాటకూడదట, లెక్క ఇవాళే ముగియాలట. ఒక్కటి చూశారు కదా, మిగతావీ అంతేనని నమ్మమన్నాను. "నేను నమ్ముతున్నాను మేడమ్. నా నమ్మకం ఏ గడిలో రాయను?" అన్నాడు. వెటకారం కాదు. పాపం, నిజంగానే అడిగాడు.

కోస్తే చిరిగిన జాబితా, కోయకపోతే చదవని జాబితా. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. అయినా కోశాను. అన్నిటిలోనూ అలాగే తేదీలు బయటికి వస్తుంటే చూసి చూసి ఆయన మనసు కరగకపోతుందా అనుకున్నాను. పద్నాలుగు కోశాను. పేజీ మూల మడిస్తేనే చెవి మెలేసేదాన్ని, వరసగా పద్నాలుగు పుస్తకాల వెన్నులు చీల్చాను. కిటికీ దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి చూశారు. బెల్లు కొట్టినా కదల్లేదు.

పదిహేనోది తోడేలు పుస్తకం. బ్లేడు పక్కన పెట్టేశాను. అదీ, దాని వెనకున్న ఇరవై ఎనిమిదీ చదవని జాబితాలోనే ఉండిపోయాయి.

అక్క

*

సెప్టెంబరు 18

అక్కా,

తడిగుడ్డ బాగా పిండి పెట్టావా? గాడిలో కాకుండా పక్కన కోసి ఉంటావేమో. సరిగ్గా కోస్తే చిరిగినట్టు కనిపించదు, విప్పినట్టు ఉంటుంది. నేనే వచ్చి ఉంటే అలా అయ్యేది కాదు. ఎందుకు రాలేదో చెబుతాను. ఆఫీసరు ఏదో అడుగుతాడు, నాకు వినపడదు, నేను ఏదో వాగుతాను, నీ పరువు పోతుందని భయపడ్డాను. వస్తానని కూడా రాయలేదు. రమ్మని నువ్వూ అడగలేదు.

తీసేసిన పుస్తకాలు ఎక్కడికి పంపుతున్నారో కనుక్కో. అన్నీ నేను తెచ్చుకుంటాను, లారీ మాట్లాడతాను. విప్పిన పద్నాలుగూ మళ్లీ కడతాను. ఇక మీదట ఏ పుస్తకంలోనూ చివరి కాగితం పీకను.

ఈ తప్పు నాదా అక్కా? ఔనో కాదో ఒక్క మాట రాయి. నీ మరదలు కాదంటోంది, ఆమె మాట మీద నాకు నమ్మకం కుదరడం లేదు.

తమ్ముడు

*

సెప్టెంబరు 27

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇరవై నాలుగున అందింది. పుస్తకాలు ఇరవై రెండునే వెళ్లిపోయాయి. రెండు జాబితాల్లోవీ ముక్కలు చేసే మిషనుకి వెళ్లాయి, బయటివాళ్లకి ఇవ్వకూడదట. మిగిలినవి డబ్బాల్లో కట్టి ఎక్కడో గోడౌనులో పెట్టారు. గదిలో అరలు పీకేశారు. కరెంటు మనిషి వచ్చి ప్లగ్గులు పెట్టడానికి గోడ కొలుచుకుంటున్నాడు. నన్ను వచ్చే నెల నుంచి ఇంకో బడికి వేశారు, హాజరు పట్టీలు రాయడానికి.

నీ తప్పేమీ లేదని రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీకు అబద్ధం రాయడం చేతకావడం లేదు. నీ తప్పు ఉందిరా, నాది అంతకంటే ఎక్కువ ఉంది. నువ్వు పీకింది నా మాట విని. నేను తాళం వేసింది నా గొప్ప కోసం. ఇద్దరం ఆ పుస్తకాలని ప్రాణంగా చూసుకున్నాం, అదే వాటిని తినేసింది. కోతలో తప్పు లేదు, సరిగ్గా గాడిలోనే కోశాను. అది మాత్రం మనసులో పెట్టుకోకు.

చీమ ఇప్పుడు నా దగ్గరికి రావడం లేదు. మెట్ల మీద ఎదురుపడితే పక్కకి తప్పుకుంటోంది. తిట్టినా బాగుండేది.

నిన్న ఒకటో తరగతి టీచరు కబురు పంపింది. వెళితే బల్ల మీద మూడు వాచకాలు ఉన్నాయి. ముగ్గురు పిల్లలు పెన్సిలు చెక్కే బ్లేడుతో వాటి వెన్నులు కోసేశారు. ఎందుకు కోశారని అడిగితే, లోపల ఎవరెవరు చదివారో రాసి ఉంటుందట, చూద్దామనుకున్నారట. ఏమీ లేదని ఒకడు ఏడుస్తున్నాడు. "మిమ్మల్ని చూసే నేర్చుకున్నారు, మీరే చెప్పండి కోయకూడదని" అని ఆవిడ పక్కకి జరిగింది.

ముప్పై మంది నా వైపే చూస్తున్నారు. చెప్పాను, పుస్తకాలు కోయకూడదని. ముందు వరసలో ఒక పిల్ల, "కొయ్యకపోతే మరి ఎలా తెలుస్తుంది టీచర్?" అని అడిగింది. ఆ మూడు వాచకాలూ చంకన పెట్టుకుని బయటికి వచ్చేశాను.

మరదలి మోకాలు ఎలా ఉందో రాయి.

అక్క